తెర వెనుక అక్షరం
(పాత కంప్యూటర్ టెర్మినల్ అంతర్భాగాల పరిశీలన)

పూతలపట్టు కూడలికి సమీపంలోని ఒక పాత సామాన్ల అంగడిలో మా కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులకు ఒక వస్తువు లభించింది. చూపునకు అది చిన్న టెలివిజన్ పెట్టె. ముందు భాగాన మీటల పలక. ప్రయోగశాల బల్లమీద దాని మూత విప్పుతున్నప్పుడు నన్నూ, ఉర్దూ అధ్యాపకులనూ పిలిచారు. "తెలుగు పాఠం చెప్పేవారికి దీనితో ఏమి పని సార్?" అని ఒక విద్యార్థి ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

టెర్మినల్ అంటే ఏమి?

టెర్మినల్ స్వయంగా కంప్యూటర్ కాదు. కంప్యూటర్ వేరొక గదిలో ఉండేది. దానికి మాట అందించడానికీ, దాని మాట తెలుసుకోవడానికీ తీగతో కలిపిన మీటల పలక, తెర కలిసి టెర్మినల్. అంతకు పూర్వం ఈ పనిని కాగితంమీద అచ్చు కొట్టే టెలిప్రింటర్ చేసేది. మన రాష్ట్ర ప్రజలలో అనేకులకు టెర్మినల్ మొదట కనిపించినది రైల్వే రిజర్వేషన్ కౌంటరులోనే. సి.ఎం.సి. సంస్థ రూపొందించిన కంప్యూటర్ రిజర్వేషన్ పద్ధతి 1985–86లో ఢిల్లీలో మొదలై తరువాత ఇతర నగరాలకు వ్యాపించింది. గుమస్తా ఎదుట ఉన్నది టెర్మినల్. బెర్తుల లెక్క చూసే కంప్యూటర్ మాత్రం మరొక చోట ఉండేది.

టెలివిజన్‌కూ టెర్మినల్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. 1967లో హైదరాబాదులో డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఒకవైపు టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లనూ, మరొకవైపు ఇ.సి. టి.వి.లనూ తయారు చేసింది. ఈ రెండు విద్యలూ కలిసిన చోటే టెర్మినల్.

మూత విప్పే ముందు

విద్యార్థులు ఈ పనిని ఒంటరిగా ఎన్నడూ చేయరాదు. పిక్చర్ ట్యూబుకు పది వేల వోల్టులకు పైబడిన విద్యుత్పీడనం అవసరం. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా ఆ ఆవేశం ట్యూబులో కొంతకాలం నిలిచి ఉంటుంది. పైగా ట్యూబు లోపల శూన్యం; గాజు పగిలితే ముక్కలు వేగంగా చెదరిపోతాయి. మా అధ్యాపకులు మొదట ఆ ఆవేశాన్ని భూమికి వదిలి, ఆ తరువాతనే మమ్మల్ని దగ్గరకు రానిచ్చారు.

లోపలి అంగాలు

మొదటిది పిక్చర్ ట్యూబు. దాని మెడలోనుండి వెలువడే ఎలక్ట్రానుల ధార తెరను ఎడమనుండి కుడికి, పైనుండి కిందికి గీతలు గీతలుగా తుడుస్తుంది. సెకనుకు 50 లేక 60 మార్లు తెర అంతా తుడవబడుతుంది కనుక మన కంటికి బొమ్మ నిలకడగా కనిపిస్తుంది.

రెండవది తీగనుండి వచ్చే సంకేతాలను అందుకొనే చిప్పు. తీగలో బిట్లు ఒకదాని వెనుక ఒకటి వరుసగా వస్తాయి. ఈ చిప్పు వాటిని కూర్చి అక్షర సంకేతంగా అందిస్తుంది. ఒక్కొక్క అక్షరానికి ముందు వెనుకల గుర్తులతో కలిపి సాధారణంగా 10 బిట్లు. సెకనుకు 300 బిట్లు వచ్చే తీగలో 30 అక్షరాలే అందుతాయి. తెరమీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1920. అనగా తెర నిండడానికి 64 సెకనులు! సెకనుకు 9600 బిట్లయితే రెండే సెకనులు.

మూడవది జ్ఞాపక చిప్పు. అందులో 1920 అక్షరాల సంకేతాలు మాత్రమే ఉంటాయి. అక్షరాల ఆకారాలు ఉండవు. ఆకారాలు ఉండేది నాల్గవ అంగంలో. దాని పేరు అక్షరజనక రోమ్. రాసిన దానిని చెరపరాని చిప్పు. ఇంగ్లీషు 'టి' అక్షరాన్ని 5 చుక్కల వెడల్పు, 7 చుక్కల ఎత్తు గల గడిలో చూద్దాము. పై వరుసలో ఐదు చుక్కలూ వెలుగుతాయి. తక్కిన ఆరు వరుసలలోనూ నడిమి చుక్క ఒక్కటే వెలుగుతుంది. ఎలక్ట్రానుల ధార ఆ గడి మీదుగా పోతున్నప్పుడు ఏ చుక్క వెలగాలో, ఏది ఆరాలో ఈ చిప్పు చెబుతుంది.

వీటన్నిటినీ నడిపేది ఐదవ అంగమైన నియంత్రణ విభాగం. 1978లో వచ్చిన ప్రసిద్ధ టెర్మినల్ వి.టి.100లో ఈ పనిని ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసర్ చేసింది. ఇక్కడ ఒక విశేషం ఉంది. 1970లో అమెరికాలో ప్రకటించిన డేటాపాయింట్ 2200 అనే టెర్మినల్ కోసం రూపొందిన ప్రణాళికే 1972లో ఇంటెల్ 8008 చిప్పుగా వెలువడింది. 8080 దాని తరువాతి తరం. కంప్యూటర్‌కు సేవకునిగా పుట్టిన టెర్మినల్ చిన్న కంప్యూటర్ల వంశానికి మూలపురుషులలో ఒకటి అయింది.

మన అక్షరాలు ఎక్కడ?

ఆ అక్షరజనక చిప్పును చూపుతూ ఉర్దూ అధ్యాపకులు "ఇందులో మన అక్షరాలు ఉన్నవా?" అని అడిగారు. లేవు. అందులోని లెక్క ఒక్కటే: ఒక సంకేతం, ఒక గడి, ఒక ఆకారం. ఇంగ్లీషుకు ఆ లెక్క సరిపోతుంది.

మన 'స్త్రీ' అనే అక్షరాన్ని తీసుకోండి. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం: ఆరు సంకేతాలు కలిసి ఒక ఆకారం. గుడి దీర్ఘం పైకి పోతుంది, ఒత్తులు కిందికి దిగుతాయి. ఏడు చుక్కల ఎత్తులో ఈ మేడ నిలువదు. ఉర్దూకు మరొక చిక్కు. రాత కుడినుండి ఎడమకు సాగుతుంది. ఒకే అక్షరం పదం మొదట, నడుమ, చివర, ఒంటరిగా వేర్వేరు రూపాలు ధరిస్తుంది. నస్తాలీఖ్‌లో పదమే ఏటవాలుగా కిందికి జారుతుంది. నూరీ నస్తాలీఖ్ రూపకర్తలు 1981 నాటికి వేల సంఖ్యలో అక్షర సంయోగాలను విడివిడిగా రాయించి యంత్రానికి అందించవలసి వచ్చింది.

యంత్రం కోసం లిపినే కుదించాలన్న వాదాలు మన దేశంలో టైపు యంత్రాల కాలంనుండీ వినిపించాయి. కాని లోపం లిపిది కాదు, గడిది. కాన్పూరు ఐ.ఐ.టి.లో సాగిన కృషి ఫలితంగా దేవనాగరి టెర్మినల్ 1983లో ఢిల్లీలో ప్రదర్శింపబడింది. ఆ కృషే తరువాత పుణెలోని సీ-డాక్‌లో 'జిస్ట్' పేరున కొనసాగి, తెలుగుతో సహా భారతీయ లిపులను తెరకెక్కించింది. 1991లో భారతీయ లిపుల సంకేత ప్రమాణం ఇస్కీ స్థిరపడింది. ఆ ఏడే వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలో తెలుగుకూ స్థానం దొరికింది. సంకేతాన్నీ ఆకారాన్నీ వేరుచేసి, అనేక సంకేతాలను కలిపి ఒక ఆకారం గీయగలగడమే ఈ విజయానికి కీలకం.

ప్రియ విద్యార్థులారా! తెలుగు, ఉర్దూ చదివినవారికి యంత్రాలతో పనిలేదని మీలో కొందరు అనుకొంటారు. ఏ ఒత్తు ఎక్కడ నిలవాలో, ఏ హర్ఫు ఎక్కడ వంగాలో తెలిసినవారు పక్కన లేనిదే ఎంతటి ఇంజనీరూ మన అక్షరాన్ని తెరమీద నిలపలేడు. ఆ రోజు బల్లమీద ఆ చిప్పు చిటికెన వేలంత ఉంది. అందులో చోటు దొరకక మన రెండు భాషలు ఏళ్ల తరబడి బయట నిలిచాయి. ఆనాడు నన్ను ప్రశ్నించిన విద్యార్థికి నా సమాధానం ఇదే: నాకు దీనితో పని ఉంది, నీకూ ఉంది.