కట్టేసిన కుక్కకు కూడు
— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం (జంతు, రసాయన శాస్త్రాలు)

"కుక్కకు ఏం పెట్టాలి?" అని మా ఊళ్ళో ఎవరినైనా అడిగితే నవ్వుతారు. మిగిలింది పెట్టాలి, అంతే! జొన్నరొట్టె ముక్క, సంగటి అడుగు, ఇంత పెరుగన్నం, పండక్కి నాలుగు ఎముకలు. అది తింటుంది, రాత్రంతా కళ్ళం కాస్తుంది. కాని టౌనుకు వచ్చి చూస్తే ఇదే ప్రశ్న పెద్ద తగాదాగా ఉంది. కొందరు సంచిలో వచ్చే పలుకుల మేత తప్ప వేరేది ముట్టనివ్వరు (ఏ కంపెనీదైనా సరే మావాళ్ళు దాన్ని 'పెడిగ్రీ' అనే అంటారు). మరికొందరు అదంతా వట్టి వ్యాపారమనీ, కుక్క తోడేలు సంతతి కాబట్టి పచ్చి మాంసం, పచ్చి ఎముకలే దానికి సహజాహారమనీ వాదిస్తారు. ఇరుపక్షాల వాళ్ళకూ కుక్కమీద ప్రేమ ఉంది. ఉండవలసిన లెక్క మాత్రం ఉండటం లేదు.

నా ఉద్దేశంలో పచ్చిదా, సంచిదా, ఇంటిదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ కూడుకైనా రెండు పరీక్షలు పెట్టాలి. ఒకటి: అది పూర్తి ఆహారమేనా? రెండు: దాంతోపాటు రోగం రావడం లేదు గదా? ఈ రెండింటినీ తట్టుకున్నది ఏదైనా మంచిదే.

తోడేలు వాదన

కుక్క తోడేలు వంశంలో పుట్టిందనడంలో సందేహం లేదు. అయితే మనిషి పంచన చేరాక దాని లోపల కూడా మార్పు జరిగింది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే ఎంజైమును క్లోమంలో తయారు చేయించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటుంది. కుక్కల్లో 4 నుండి 30 ప్రతుల దాకా ఉన్నట్లు 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. మనకు మల్లే కుక్క లాలాజలంలో అమైలేజ్ ఉండదు. కాని పేగుల్లోకి వెళ్ళాక ఉడికిన అన్నమైనా, రొట్టైనా దానికి బాగానే అరుగుతుంది. అంటే మన ఎంగిలి మెతుకులు తిని తిని కుక్క కుక్కయిందన్నమాట. కాబట్టి మాంసమొక్కటే దాని సహజాహారమనడం సరికాదు.

అయితే అన్నం అరుగుతుంది గదా అని అన్నమే చాలనుకుంటే అదీ పొరపాటే.

పూర్తి ఆహారమంటే ఏమిటి?

ఈ సంగతి మనుషులకు నేర్పింది కుక్కలే. 1918-19 ప్రాంతంలో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలకు ఓట్లు వంటి ధాన్యాలతో కూడిన తిండి పెట్టి, వాటిలో రికెట్స్ తెప్పించాడు. కాడ్‌లివర్ నూనె ఇస్తే జబ్బు రాలేదు. విటమిన్ డి కథ ఆ దారినే నడిచింది. మనలాగ ఎండలో ఉండి కుక్క తనకు కావలసినంత విటమిన్ డి తయారు చేసుకోలేదని ఆ తర్వాత తేలింది. అది కూటిలోనే రావాలి. 1937లో అమెరికాలో కాన్రాడ్ ఎల్వెహామ్ 'నల్లనాలుక' అనే కుక్కల జబ్బును నికోటినిక్ ఆమ్లంతో నయం చేశాడు. మనుషుల్లో పెల్లాగ్రా అనే జబ్బుకు మందు ఏమిటో అలా తెలిసింది.

ఇందులో మన హైదరాబాదుకూ భాగముంది. జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తోందని తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయం (1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ) వెదికింది. భవాని బెలవాడి, సి. గోపాలన్‌లు జొన్న ఆధారమైన తిండి పెట్టి కుక్కల్లో నల్లనాలుక తెప్పించగలిగారని 1965లో ప్రకటించారు. కారణం జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అని వారన్నారు. దానిమీద తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. కాని ఒకే ధాన్యంమీద బతికే ప్రాణికి ఏదో ఒక లోటు తప్పదన్న మాట మాత్రం నిలిచింది.

మరి మా ఊరి కుక్కలు తరతరాలుగా జొన్నరొట్టె తిని బతకలేదా అనవచ్చు. అవి తిరిగే కుక్కలు. మనం పెట్టింది సగమే. మిగతా సగం ఎలుకలు, తొండలు, చేల గట్లమీద దొరికేవి తిని అవే పూడ్చుకుంటాయి. కట్టేసిన కుక్కకు ఆ దారి లేదు. దాని పళ్ళెంలో లేనిది దాని ఒంట్లో ఉండదు. గొలుసు వేసిన రోజునే దాని కూటి లెక్క మన నెత్తిన పడుతుంది.

ఆ లెక్క చేసి చూద్దాం. బరువును కిలోల్లో తీసుకొని దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే, కుక్క ఊరికే పడుకుని ఉన్నా రోజుకు కావలసిన శక్తి కిలోకాలరీల్లో వస్తుంది. 16 కిలోల కుక్కను తీసుకుందాం. 16కు నాల్గవ మూలం 2, దాని ఘనం 8; 8 × 70 = 560. మామూలుగా ఇంట్లో తిరిగే పెద్ద కుక్కకు దీనికి 1.6 రెట్లు, అంటే సుమారు 900 కిలోకాలరీలు కావాలి. అమెరికా మేత ప్రమాణాల ప్రకారం పెద్ద కుక్కకు 1000 కిలోకాలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. అంటే మన కుక్కకు 40 గ్రాములు.

ఈ 900 కిలోకాలరీలూ తెల్లన్నంతోనే పెడితే దాదాపు 700 గ్రాముల అన్నం పట్టుతుంది. అందులో మాంసకృత్తులు 19 గ్రాములే. కడుపు నిండింది, సగం లోటు అలాగే ఉంది! అన్నం తగ్గించి రెండు ఉడికిన గుడ్లు, ఇంత ఉప్పూకారం లేని పప్పు, కొంచెం ఉడికిన కోడిమాంసం కలిపితే లెక్క దగ్గరికొస్తుంది. కాల్షియానికి గుడ్డు పెంకు బాగా ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరి రోజుకు అర టీస్పూను కలపవచ్చు. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఇంకా జింకు, అయోడిన్, విటమిన్ డి మిగిలే ఉంటాయి. వాటికి పశువైద్యుడిని అడగాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన సాంబారు మాత్రం పోయకూడదు. అవి కుక్క ఎర్ర రక్తకణాలను చెడగొడతాయి.

పచ్చి మాంసం

వట్టి మాంసం పెట్టినా పూర్తి ఆహారం కాదు. 100 గ్రాముల మాంసంలో కాల్షియం 10 మిల్లీగ్రాములుంటే భాస్వరం 200 దాకా ఉంటుంది. కుక్కకు కావలసింది భాస్వరానికి సమానంగానో, రెండింతల లోపుగానో కాల్షియం. ఎదిగే పిల్లకు ఒట్టి మాంసమే పెడితే రక్తంలో కాల్షియం నిలపడానికి శరీరం సొంత ఎముకలనే కరిగిస్తుంది. బాగా తిని బలుస్తోందని మనం మురుస్తుంటే దాని కాళ్ళు వంగిపోతాయి. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో పచ్చి ఆహారాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఎముకలు కలిపి పెట్టమనడంలో ఈ లెక్క ఉంది. అంతవరకు సబబే.

ఇక రెండో పరీక్ష. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010-12 మధ్య 196 పచ్చి మేత నమూనాలు పరీక్షిస్తే 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా మోనోసైటోజీనెస్ కనిపించాయి. కుక్క జీర్ణాశయంలో ఆమ్లం గట్టిది, చాలాసార్లు దానికి ఏమీ కాదు. కాని దాని మూతి, దాని పళ్ళెం, దాని పేడ మన ఇంట్లోనే ఉంటాయి. చేతులమీద పాకే పసిపిల్లలుండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు నిద్రపోతాయే గాని అన్నీ చావవు.

గొర్లున్న మా సీమ పల్లెలకు ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. గొర్రె కోసినప్పుడు నీటి తిత్తులున్న కార్జాన్ని, ఊపిరితిత్తుల్ని తీసి కుక్క ముందు పడేస్తారు. ఆ తిత్తులు ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. కుక్క పేగులో అవి వేలకొద్దీ పురుగులవుతాయి. ఒక్కొక్కటి అర అంగుళం కూడా ఉండదు. కుక్కకు జబ్బు చేసినట్లే కనిపించదు. దాని పేడలో గుడ్లు బయటపడి గడ్డికీ, నీళ్ళకూ, కుక్క బొచ్చుకూ, మన చేతికీ అంటుతాయి. గొర్రె మింగితే గొర్రెలో, మనిషి మింగితే మనిషిలో మళ్ళీ తిత్తులే.

నాకు చిన్నాయన వరసయ్యే ఒకాయన నలభై ఏళ్ళు గొర్ల వెంట తిరిగాడు. కుడి డొక్కలో బరువంటే అందరూ గ్యాసన్నారు. రెండేళ్ళకు స్కానింగులో కార్జంలో టెంకాయంత తిత్తి కనబడింది. ఆపరేషన్ జరిగింది, మనిషి దక్కాడు, రెండెకరాలు పోయాయి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇంట్లో కుక్కుందా?" అని. రెండోది "దానికేం పెడతారు?" అని. ఆ రెండో ప్రశ్న అంతకుముందు మా ఇంట్లో ఎవరూ వేసుకున్నది కాదు.

ఇందులో కుక్క నేరమేమీ లేదు. దాన్ని తరిమితే ఇంకో కుక్క వస్తుంది. చేయవలసింది మూడే పనులు: తిత్తులున్న భాగాలను కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చటం, లేదా కాల్చటం, ఏ కార్జమైనా కనీసం అరగంట మరగనిచ్చి ఉడికించాకే పెట్టడం, పశువైద్యుడు చెప్పిన గడువుకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయటం. అలాగే ఆవు ఈచుకుపోయిన దూడనూ, మాయనూ కుక్కకు వేయకూడదు. ఆవుల్ని ఈచుకుపోయేట్టు చేసే నియోస్పోరా అనే సూక్ష్మజీవి కుక్క పేగులోనే గుడ్లుగా మారి మేతకు అంటుతుందని 1998లో తెలిసింది.

సంచి మేత

కుక్కల మేత వ్యాపారం 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ బిస్కత్తులతో మొదలైంది. 1922లో అమెరికాలో గుర్రపు మాంసం డబ్బాలు వచ్చాయి. ఇప్పటి పలుకులు 1957 నుండి అమ్మకంలో ఉన్నవి. మాంసపు పొడి, ధాన్యం, కొవ్వు కలిపి ముద్దచేసి, ఎక్కువ వేడిలో, ఒత్తిడిలో సన్నని రంధ్రం గుండా వదిలితే ముద్ద పొంగి పలుకవుతుంది. మన బొరుగులు పొంగినట్లే. ఆ వేడికి పురుగులు, సూక్ష్మజీవులు చస్తాయి. పోయిన విటమిన్లు మళ్ళీ కలుపుతారు.

అట్టమీద చదవవలసింది కుక్క బొమ్మ కాదు, చిన్న అక్షరాలు. 'పూర్తి, సమతుల్య ఆహారం' అని ఉందా? ఏ వయసుకు? ఆ మాట లేనిది చిరుతిండి మాత్రమే. డబ్బా మేతలో మాంసకృత్తులు 8 శాతమనీ, పలుకుల్లో 22 శాతమనీ చూసి మోసపోకూడదు. డబ్బాలో నీరు 78 శాతం; మిగిలిన 22 పాళ్ళలో 8 అంటే పొడిబరువులో 36 శాతం. పలుకుల్లో నీరు 10 శాతం. 90లో 22 అంటే 24 శాతమే. మన 16 కిలోల కుక్కకు 100 గ్రాములకు 350 కిలోకాలరీలిచ్చే పలుకులు రోజుకు పావుకిలో పైచిలుకు చాలు.

సంచిని కూడా గుడ్డిగా నమ్మరాదు. అట్టమీది 'క్రూడ్ ప్రోటీన్' నిజానికి నత్రజని లెక్క. జెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తారు. మెలమిన్ అనే రసాయనంలో మూడింట రెండువంతులు నత్రజనే. ఒక శాతం మెలమిన్ కలిపితే నాలుగు శాతం ప్రోటీన్ పెరిగినట్లు కనబడుతుంది! 2007లో చైనా నుండి అమెరికాకు వెళ్ళిన గోధుమ గ్లూటెన్‌లో ఇదే జరిగి ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చచ్చాయి.

బూజు సంగతి రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసిన మొక్కజొన్న తిని 397 మందికి కామెర్ల జబ్బు చేసింది, 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా జబ్బుపడ్డాయి. కారణం అఫ్లటాక్సిన్ అనే బూజు విషం. అది ఉడికించినా పోదు. కాబట్టి చౌకని విడిగా తూచి ఇచ్చే మేత, గడువు దాటిన సంచి, చెమ్మ తగిలిన పలుకులు కొనరాదు. మనకు పనికిరాని బూజుపట్టిన వేరుశనగ కుక్కకూ పనికిరాదు.

నమలడానికి ఏమివ్వాలి?

నమలడం కుక్కకు అవసరమే. పంటిమీది పాచి పోతుంది, పొద్దు గడుస్తుంది. కాని ఉడికిన ఎముక వేడికి పెళుసై చీలికలవుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పచ్చి ఎముక అంతగా చీలదు గాని సూక్ష్మజీవులను తెస్తుంది, లావుపాటి కాలిఎముకైతే పెద్ద నమలుపన్నునే పగలగొడుతుంది. అంగళ్ళలో దొరికే పచ్చితోలు ముడులు సున్నంలో నానబెట్టి చీల్చిన తోలు లోపొరతో చేసినవి. పెద్దముక్క మింగితే త్వరగా అరగదు, పేగుకు అడ్డం పడవచ్చు.

దీనికి సులువైన పరీక్ష గోటితో నొక్కడం. గోటికి కొంచెమైనా లొంగని కొమ్ము, ఎముక, రాయిలాంటి ఎండు జున్ను పంటికి మంచివి కావు. వస్తువు కుక్క నోట్లో పూర్తిగా పట్టకూడదు. అరిగి చిన్నదైతే తీసేయాలి. నమిలేటప్పుడు మనిషి దగ్గరుండాలి. పచ్చి క్యారెట్ చాలా కుక్కలకు సరిపోతుంది, ఖర్చూ తక్కువ.

ఏది ఎంచుకోవాలి?

ఎదిగే పిల్లకు, చూలు కుక్కకు, చేతిలో లెక్క వేసే తీరిక లేని ఇంటికి వయసుకు తగిన మంచి సంచి మేతే క్షేమం. సంచి కొనే స్తోమత లేని ఇంట్లో అన్నంలో గుడ్డు, పప్పు, ఉడికిన మాంసం, పెంకుపొడి కలిపి పెట్టవచ్చు. ఏడాదికోసారైనా పశువైద్యుడికి చూపించాలి. పచ్చి మాంసం మాత్రం గొర్లు, పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న మనలాంటి ఇళ్ళకు తగదు. ఎముకలు కలిపినా, గడ్డకట్టించినా అది రెండో పరీక్షలో తప్పుతుంది.

సెలవులకు ఊరికి వెళ్ళే మిత్రులు ఇంకేమీ గుర్తుంచుకోకపోయినా సరే, ఈ ఒక్క మాట ఇంట్లో చెప్పండి: ఈసారి పొట్టేలు కోసినప్పుడు కార్జంలో నీటి తిత్తి కనబడితే అది కుక్క నోటికి అందకూడదు. గునపం తీసుకుని ముందు గుంత తవ్వండి.