బాయిలరు త్రాగే నీరు

నిజామాబాదుకు పడమరగా ఉన్న బోధను పట్టణానికి రెండు ప్రసిద్ధులున్నాయి. ప్రాచీన అశ్మక జనపదానికి రాజధానిగా చెప్పే పౌదన్యపురం ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఇది మొదటిది. రెండవది చక్కెర. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరు ప్రాజెక్టు కాలువలు ఈ ప్రాంతంలో చెరకు సాగును విస్తరింపజేశాయి. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో ఇక్కడ నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. అది వెలసిన చోటికి శక్కర్‌నగర్ అని పేరు. సంస్కృతంలో 'శర్కర' అంటే గులకరాయి, ఇసుక పలుకు అని అర్థం. పలుకుల రూపంలో ఉన్నందున ఆ పేరు తీపి పదార్థానికీ సంక్రమించింది. పారశీకానికి వెళ్ళి, ఉర్దూ ద్వారా మళ్ళీ మన ఊరిపేరులోకి వచ్చింది. మాటలు కూడా నీటివలె తిరిగి తిరిగి వస్తుంటాయి.

చక్కెర కర్మాగారమనగానే మనకు తీపి స్ఫురిస్తుంది గాని, దానిని నడిపేది ఆవిరి. చెరకు గడలను నలిపే యంత్రాలకు బలమూ, దీపాలకు విద్యుత్తూ, రసాన్ని కాచే వేడీ అన్నీ దానివల్లనే కలుగుతాయి. ఆ ఆవిరిని పుట్టించే బాయిలరుకు ఇంధనం చెరకు పిప్పి. నూరు టన్నుల చెరకును నలిపితే ఇంచుమించు ముప్పై టన్నుల పిప్పి వస్తుంది. అందులో సగం తేమ అయినా కొలిమికి అది చాలు. చెరకు తన రసాన్ని తానే కాచుకుంటుందన్నమాట! ఇంధనం విషయంలో ఇంత సులభంగా సమాధానపడే బాయిలరు, నీటి విషయంలో మాత్రం మహా పట్టుదల కలది. బాయిలరుకు పంపే నీటిని కార్మికులు 'ఫీడ్ వాటరు' అంటారు. పశువుకు మేత ఎటువంటిదో బాయిలరుకు ఈ నీరు అటువంటిది.

కంటికి తేటగా కనిపించే నీరంతా శుద్ధమైనది కాదు. మన ఊళ్ళలో కొన్ని బోరుబావుల నీటితో పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ పట్టదు, నీరు కాచే బిందెలో తెల్లని గార కడుతుంది. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఇందుకు కారణం. బిందెకు గార కడితే చింతపండుతో తోముకోవచ్చు. బాయిలరు గొట్టంలో కడితే ఆ పొర వేడిని నీటికి చేరనీయదు. బయట మంట, లోపల నీరు, నడుమ గార. వేడి పోయే దారి లేక ఇనుము మెత్తబడి, ఉబ్బి, పగులుతుంది. అందుకే నీటిలోని లవణాలను ముందుగానే తొలగించి, మృదుజలంగా మార్చి పంపుతారు.

రెండవ శత్రువు గాలి. చల్లని నీటిలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ కరిగి ఉంటుంది. చేపలకు ప్రాణాధారమైన ఆ వాయువే ఇనుముకు ప్రాణాంతకం. అది గొట్టమంతటినీ సమంగా తినదు. ఒకచోట సూదిపోటువంటి గుంటను చేసి, దానినే లోతుకు తొలుస్తుంది. అందువల్ల నీటిని 'డీయరేటరు' అనే పాత్రలో నూరు డిగ్రీలకు మించి వేడిచేసి వాయువులను వెళ్ళగొడతారు. ఇంకా మిగిలిన ఆక్సిజన్‌ను సోడియం సల్ఫైటు వంటి రసాయనాలతో హరిస్తారు. పిమ్మట నీటిని క్షారగుణంలో నిలుపుతారు. అటువంటి నీటిలో ఇనుముపై నల్లని పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. విచిత్రమేమంటే అదీ ఒక విధమైన తుప్పే. అయితే ఎర్రని తుప్పువలె రాలిపోక, గొట్టాన్ని అంటిపెట్టుకొని కవచంవలె కాపాడుతుంది. బాయిలరు ఆయుష్షు ఆ నల్లని పొర మీద ఆధారపడి ఉంటుంది.

రామగుండం వంటి తాప విద్యుత్కేంద్రాలలోనూ ఈ జాగ్రత్తలన్నీ ఉంటాయి. కాని అక్కడ లేని ఆపద చక్కెర కర్మాగారంలో ఒకటుంది. అది చక్కెరే.

రసాన్ని చిక్కబరిచే పాత్రలు వరుసగా నాలుగైదు ఉంటాయి. మొదటి పాత్రలో గొట్టాల లోపల రసం, వెలుపల ఆవిరి. ఆవిరి తన వేడిని రసానికిచ్చి తాను నీరవుతుంది. ఆ నీరు వేడిగాను, శుద్ధంగాను ఉంటుంది కనుక మళ్ళీ బాయిలరుకే పంపుతారు. తరువాతి పాత్రలను వేడిచేసేది రసం నుంచి లేచిన ఆవిరి. దానితో రసపు తుంపరలు కొట్టుకొని వచ్చే అవకాశం ఉన్నందున ఆ నీటిని సాధారణంగా చెరకు పిప్పిని తడపడం వంటి పనులకు మళ్ళిస్తారు. మొదటి పాత్రలోనే ఒక గొట్టం చిల్లుపడితే? రసం వేడినీటిలో కలిసి నేరుగా బాయిలరుకు చేరుతుంది. అక్కడి వేడికి చక్కెర విచ్ఛిన్నమై ఆమ్లాలుగా మారుతుంది. కవచంవంటి నల్లని పొరను ఆ ఆమ్లం కరిగిస్తుంది. మాడిన చక్కెర గొట్టాలకు బొగ్గువలె అంటుకుంటుంది. నీరు నురగలుకట్టి, ఆవిరితో పాటు నీటి బిందువులు టర్బైను మీదికి దూకుతాయి.

ఇంతటి కీడును కనిపెట్టే పరీక్ష మాత్రం అతి సామాన్యమైనది. గాజుగొట్టంలో కొంచెం నీరు తీసుకొని, ఆల్ఫా నాఫ్తాల్ ద్రావణం రెండు చుక్కలు వేసి, అంచు వెంబడి గాఢ గంధకామ్లాన్ని మెల్లగా జారవిడుస్తారు. రెండు ద్రవాలు కలిసే చోట ఊదారంగు వలయం కనిపిస్తే చక్కెర ఉన్నట్లే. వెంటనే ఆ నీటిని బాయిలరుకు పోనీయకుండా మళ్ళించాలి. అర్ధరాత్రి పాళీలో నిద్రను ఆపుకొంటూ ఈ పరీక్ష చేసే ప్రయోగశాల సహాయకుని పేరు ఏ చక్కెర బస్తా మీదా ఉండదు. ఒక లీటరు నీరు మామూలు వాతావరణ పీడనం వద్ద ఆవిరైతే సుమారు పదహారు వందల లీటర్ల చోటు కోరుతుంది. బాయిలరు పగిలితే జరిగేదేమిటో దీనినిబట్టి ఊహించవచ్చు. 1863లో కలకత్తాలో సంభవించిన ఘోరమైన బాయిలరు ప్రేలుడు వల్లనే 1864లో బెంగాలులో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. 1923 నాటి ఇండియన్ బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు.

నడిచే బాయిలరు గురించి ఇంతవరకు చెప్పుకున్నాం. నిలిచిన బాయిలరు సంగతి వేరు. చెరకు నలిపే సీజను సాధారణంగా నవంబరు నుంచి వేసవి మొదలయ్యే దాకా సాగుతుంది. మిగిలిన నెలలు కొలిమి చల్లగా ఉంటుంది. నడిచినన్నాళ్ళూ గాలిని వెళ్ళగొడుతూ కాపాడుకున్న ఇనుము, నిలిచిన మరునాడే తేమకూ గాలికీ చిక్కుతుంది. పనిచేస్తూ అరిగే ఇనుము కంటె పనిలేక తుప్పుపట్టే ఇనుమే ఎక్కువని ఈ రంగంలోని వారికి తెలుసు. అందుచేత రెండు పద్ధతులలో ఒకదానిని పాటిస్తారు. ఆక్సిజన్ తొలగించిన క్షారజలాన్ని గాలి చొరకుండా నిండుగా నింపి ఉంచడం ఒకటి. నీటినంతా తీసివేసి, ఆరబెట్టి, లోపల పొడిసున్నం పళ్ళాలు పెట్టి మూసివేయడం మరొకటి. సున్నం తేమను పీల్చుకొన్నకొద్దీ దానిని మార్చాలి. సగం నీటితో వదిలివేసిన బాయిలరుకు నీరూ గాలీ కలిసే అంచు వద్ద తుప్పు బలంగా పడుతుంది.

బోధను కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల బ్రతుకులు చెదిరిపోయాయి. రైతులు పలువురు చెరకును విడిచి ఇతర పైరులకు మళ్ళారు. పునరుద్ధరణ మార్గాలను పరిశీలించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అయితే ఏళ్ళ తరబడి చల్లబడిన ఏ బాయిలరునైనా నిప్పు పెట్టగానే నడపలేరు. ముందు గొట్టపు గోడలలో ఎంత మందం మిగిలిందో అతిధ్వని పరికరంతో చోటు చోటుకూ కొలుస్తారు. చాలినంత లేని గొట్టాలను కోసి మారుస్తారు. ఆపైన పనిచేసే ఒత్తిడికి మించిన ఒత్తిడితో చల్లని నీటిని పట్టించి, ఎక్కడైనా చెమ్మ ఊరుతున్నదేమోనని తనిఖీ అధికారి దీపం పట్టుకొని అతుకు అతుకూ చూస్తాడు.