ఒకే అడ్రసు - రెండు విలువలు
(వర్చువల్ మెమరీ గురించి ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. మాకు కవిత్వం చేతకాదు. అందుకని మాకు బాగా దెబ్బ తగిలిన పాఠాన్నే మీకు చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎం.సి.ఏ. ల్యాబ్ పరీక్షలో ఎగ్జామినర్ గారు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "రెండు ప్రోగ్రాములు ఒకే అడ్రసును ప్రింట్ చేశాయి. అంటే రెండూ మెమరీలో ఒకే చోటును చూస్తున్నట్టేనా?" మేము తడుముకోకుండా "అవును సార్" అన్నాము. ఆయన నవ్వి, "పోనీ, వర్చువల్ మెమరీ నిర్వచనం చెప్పండి" అన్నారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాము. నిర్వచనం వచ్చు, విషయం రాదు అని ఆయనకూ తెలిసిపోయింది, మాకూ తెలిసిపోయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదటివాళ్లం. ఇంటికెళ్లి అడుగుదామంటే చెప్పేవారు లేరు. ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మేమే ప్రయోగం చేసి చూసుకున్నాము.

ప్రయోగం

సి భాషలో చిన్న ప్రోగ్రాము రాశాము. ఒక వేరియబుల్‌లో 5 పెట్టి, ఫోర్క్ పిలిచాము. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రాముకు ఒక నకలు పుట్టించడం. పుట్టిన పిల్ల ప్రాసెస్‌లో ఆ విలువను 9గా మార్చాము. తర్వాత తల్లి, పిల్ల రెండింటిలోనూ వేరియబుల్ అడ్రసును, విలువను ప్రింట్ చేశాము. అడ్రసు అక్షరం పొల్లు పోకుండా ఒకటే వచ్చింది. విలువ మాత్రం తల్లిలో 5, పిల్లలో 9! ఒకే చోట రెండు విలువలు ఎలా ఉంటాయి?

నంబరు ఒకటే, మనిషి వేరు

మన హాస్టల్‌లో 12వ నంబరు విద్యార్థి ఉన్నాడు. పక్క ఊరి హాస్టల్‌లోనూ 12వ నంబరు ఉన్నాడు. నంబరు ఒకటే అయినా మనుషులు వేరు. ఎవరో తెలియాలంటే ఆ హాస్టల్ రిజిస్టరే చూడాలి. ప్రోగ్రాము వాడే అడ్రసు కూడా ఇలాంటిదే. అది వర్చువల్ అడ్రసు. ర్యామ్‌లోని అసలు చోటు ఫిజికల్ అడ్రసు. ప్రతి ప్రాసెస్‌కూ తనదైన రిజిస్టరు ఉంటుంది. దాన్నే పేజీ టేబుల్ అంటారు. దాన్ని రాసేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్, చదివేది ప్రాసెసర్‌లోని ఎం.ఎం.యు. అనే భాగం.

లెక్క చేసి చూద్దాం

ప్రతి బైటుకూ రిజిస్టరులో ఒక వరుస రాయడం కుదరదు. అందుకని మెమరీని సాధారణంగా 4 కిలోబైట్ల, అంటే 4,096 బైట్ల ముక్కలుగా చేస్తారు. వర్చువల్ ముక్కను పేజీ అనీ, ర్యామ్ ముక్కను ఫ్రేమ్ అనీ అంటారు.

ప్రోగ్రాము 20,500 అనే అడ్రసు అడిగిందనుకుందాం. 4,096తో భాగిస్తే భాగఫలం 5, శేషం 20. అంటే 5వ పేజీలో 20వ బైటు. పేజీ టేబుల్‌లో 5వ పేజీ ఎదురుగా 9వ ఫ్రేమ్ అని ఉంటే, అసలు చోటు 9 × 4,096 + 20 = 36,884. పేజీ నంబరు మారుతుంది, శేషం మారదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే పరీక్షలో లెక్క తప్పదు.

పట్టికే భారమైతే?

32 బిట్ల అడ్రసుతో 4 గిగాబైట్లు చేరవచ్చు. అందులో 10,48,576 పేజీలు. వరుసకు 4 బైట్ల చొప్పున ఒక్క ప్రాసెస్ పట్టికకే 4 మెగాబైట్లు కావాలి. చిన్న ప్రోగ్రాము వాడేది నాలుగు పేజీలే అయినా అంత పట్టిక దండగ. అందుకని పట్టికను అంతస్తులుగా విడగొడతారు. వాడని భాగాలకు కింది పట్టికలు అసలు తయారే చేయరు.

64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో మామూలుగా 48 బిట్ల అడ్రసు వాడతారు. చివరి 12 బిట్లు పేజీలోని చోటుకు. మిగిలిన 36 బిట్లు తొమ్మిదేసి చొప్పున నాలుగు అంతస్తులకు. 9 బిట్లకు 512 వరుసలు, వరుసకు 8 బైట్లు, మొత్తం 4,096. ఒక్కో పట్టిక సరిగ్గా ఒక్క పేజీలో ఇమిడిపోతుంది! మొదటి పట్టిక ఎక్కడుందో సి.ఆర్.3 అనే రిజిస్టరు చెబుతుంది. ప్రాసెస్ మారినప్పుడు కెర్నల్ అందులోని విలువను మారుస్తుంది. అంతే, అన్ని అడ్రసుల అర్థమూ మారిపోతుంది.

ప్రతిసారీ నాలుగు పట్టికలు తిరగేస్తే ఆలస్యం కదా! రోజూ చూసే పిల్లల ముఖాలను మన వాచ్‌మన్ గుర్తుపెట్టుకున్నట్టు, ఇటీవల వాడిన పేజీలను టి.ఎల్.బి. గుర్తుపెట్టుకుంటుంది. అందులో దొరికితే పట్టికల జోలికి పోనక్కర్లేదు.

పేరుంది, మనిషి లేడు

రిజిస్టరులో పేరుండి, పిల్లవాడు ఊరెళ్లాడనుకోండి. కబురు పెడితే వస్తాడు. అలాగే పేజీ ర్యామ్‌లో లేకపోతే ప్రాసెసర్ ఆగి కెర్నల్‌ను పిలుస్తుంది. ఇది పేజీ ఫాల్ట్. కెర్నల్ ఖాళీ ఫ్రేమ్ చూసి, డిస్కులోంచి పేజీని తెచ్చి, పట్టికలో రాసి, ఆగిన ఆదేశాన్నే మళ్లీ నడిపిస్తుంది. పేరే రిజిస్టరులో లేకపోతే? కబురు ఎవరికి పెడతాం? అప్పుడే ల్యాబ్‌లో మనల్ని ఏడిపించే 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' వస్తుంది.

డిస్కునూ ర్యామ్‌నూ కలిపి ఒకే మెమరీలా చూపే ఈ పద్ధతిని మొదట ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తయారైన అట్లాస్ కంప్యూటర్‌లో అమలు చేశారు. అది 1962లో ప్రారంభమైంది. అప్పుడు డిస్కు స్థానంలో తిరిగే అయస్కాంత డ్రమ్ము ఉండేది.

కెర్నల్ సంగతి

కెర్నల్ కూడా వర్చువల్ అడ్రసులే వాడుతుంది. 32 బిట్ల లినక్స్‌లో సాధారణంగా కింది 3 గిగాబైట్లు ప్రోగ్రాముకు, పై 1 గిగాబైటు కెర్నల్‌కు. ర్యామ్‌లో మొదటి 896 మెగాబైట్ల వరకు కెర్నల్ లెక్క సులువు: ఫిజికల్ అడ్రసుకు 3 గిగాబైట్లు కలిపితే వర్చువల్ అడ్రసు. కెర్నల్ పేజీలను ప్రోగ్రాములు ముట్టకుండా పట్టిక వరుసలోనే ఒక అనుమతి బిట్ కాపలా కాస్తుంది. అయితే కొన్ని ప్రాసెసర్లు ఆ బిట్‌ను చూసేలోపే ముందుగా చదివేస్తున్నాయని 2018 జనవరిలో 'మెల్ట్‌డౌన్' పేరుతో బయటపడింది. దాంతో అలాంటి ప్రాసెసర్లపై లినక్స్ కెర్నల్‌కూ ప్రోగ్రాముకూ పట్టికలను వేరు చేసింది.

మా ప్రశ్నకు జవాబు

ఫోర్క్ చేసినప్పుడు కెర్నల్ మెమరీనంతా నకలు తీయదు. తల్లి, పిల్ల పట్టికలు రెండూ అవే ఫ్రేములను చూపుతాయి, కాని రాయడానికి అనుమతి తీసేస్తుంది. పిల్ల 9 రాయబోగానే పేజీ ఫాల్ట్ వస్తుంది. అప్పుడు ఆ ఒక్క పేజీకి నకలు తీసి, పిల్ల పట్టికలో కొత్త ఫ్రేమ్ నంబరు రాస్తుంది. అడ్రసు అదే, ఫ్రేమ్ వేరు. అందుకే తల్లికి 5, పిల్లకు 9.

తమ్ముళ్లారా, ఈ జవాబు తెలిసేసరికి పరీక్ష అయిపోయింది. ఆ మార్కులు తిరిగి రావు. కాని ఆ రాత్రి నేర్చుకున్నది ఇప్పటికీ మరిచిపోలేదు. తెలుగు మీడియంలో చదివామని జంకి, అర్థం కాని ఇంగ్లీషు వాక్యాలను బట్టీ పట్టడం మేము చేసిన పొరపాటు. మీరు చేయకండి. తెలుగులోనే ఆలోచించండి, కాగితం మీద లెక్క వేయండి, అవకాశం దొరికితే నడిపి చూడండి.

ఇప్పుడు మీ వంతు. 3వ పేజీ 7వ ఫ్రేమ్‌లో ఉంటే 12,300 అడ్రసు ఎక్కడికి వెళ్తుంది? 28,684 వస్తే మీకు పాఠం వచ్చినట్టే. రాకపోతే సెలవులకు మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి.