హోలోగ్రామ్ ప్రదర్శన – పరిసరముల ప్రభావము

రాత్రివేళ బస్సులో పోవునపుడు, లోపల దీపము వెలుగుచుండగా, కిటికీ అద్దములో మన ముఖము బయటి చీకటిలో నిలిచినట్లు కనిపించును. తెల్లవారిన పిదప అదే అద్దములో పొలములు, చెట్లు మాత్రమే కానవచ్చును. మారినది పరిసరముల వెలుగు. హోలోగ్రామ్ అను పేర సభలలో చూపు బొమ్మల బాగోగులు కూడ దీనిపైననే ఆధారపడియున్నవి.

1862 లో లండన్ నగరమున జాన్ హెన్రీ పెప్పర్ అద్దపు ప్రతిబింబముతో రంగస్థలముపై ప్రేతరూపమును చూపెను. 1947 లో డెనిస్ గాబర్ కనుగొన్న అసలు హోలోగ్రామ్ వేరు. సభలలో చూపునవి పెక్కు పారదర్శకమైన తెరపై పడిన బొమ్మలే.

2022 జనవరి 23 న ఢిల్లీలో ఇండియా గేట్ వద్ద నేతాజీ సుభాస్ చంద్రబోస్ రూపము నిట్లు ప్రదర్శించిరి. దాని ఎత్తు 28 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ప్రొజెక్టరు కాంతి 30,000 ల్యూమెన్లు. ఆ కాంతి యంతయు బొమ్మపైననే పడినను చదరపు మీటరునకు 2,000 ల్యూమెన్లు మించదు. మిట్టమధ్యాహ్నపు టెండ లక్ష ల్యూమెన్ల వరకు నుండును. కావున ఎంత పెద్ద యంత్రమునకైనను చీకటి యవసరము.

ఇట్టి ప్రదర్శనను గ్రామములో ఏర్పాటు చేయదలచిన సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. వెలుగు: ప్రొజెక్టరు నలుపును వేయజాలదు, కాంతి పడని చోటే నలుపు. వీధిదీపపు వెలుగు తెరపై పడినచో జుట్టు, కనుబొమలు బూడిదరంగై బొమ్మ వెలవెలబోవును. అట్లని జనము ఇండ్లకు పోవు దారిలో దీపము లార్పరాదు. దీపములకు దూరమైన స్థలము నెన్నుకొనవలెను.

2. వెనుకభాగము: తెరను దాటిన కాంతి వెనుకనున్న సున్నపుగోడపై రెండవ బొమ్మను వేయును. అచట నల్లని గుడ్డ కట్టించవలెను.

3. గాలి: తెర కదలినచో బొమ్మయు కదలును. తెరను బిగించి కట్టవలెను. ఈదురుగాలి వీచునపుడు ప్రదర్శన నిలుపుట క్షేమము.

4. దుమ్ము, తేమ: ధూళి, పొగ కాంతిని చెదరగొట్టును. మంచుచెమ్మ కటకముపై చేరినచో బొమ్మ మసకబారును. విద్యుత్తీగలు పరువకముందే నేలపై నీరు చల్లించి దుమ్ము నణచవలెను.

5. కూర్చుండు చోటు: ఎదుట నున్నవారికి బొమ్మ నిండుగా కనబడును, ప్రక్కలవారికి పలుచనగును. ఆసనములను ప్రక్కలకు విస్తరింపక తెర కెదురుగా వేయించవలెను.

పైకము మంజూరు చేయుటకు ముందు, అదే స్థలమున, చీకటిపడిన పిదప కొంతసేపు నమూనా ప్రదర్శన చేయుమని కోరుడు. చూపు మందగించిన వృద్ధుల నొకరిద్దరిని కడపటి వరుసలో కూర్చుండబెట్టి అడుగుడు. వారికి ముఖము స్పష్టముగా కనబడినచో ఏర్పాటు సరియైనది. లేనిచో స్థలమును మార్చుడు. వెచ్చించునది పంచాయతీ నిధి. అది గ్రామస్థులందరి సొమ్ము.