కొండచిలువ కడుపు నిండిన వేళ

పొలములో కొండచిలువ కనబడగానే కర్రలు లేచుట మన జుక్కల్ పల్లెలలో కొత్త గాదు. మేకపిల్ల పోయిన రైతు బాధ మేమెరుగుదుము. కాని ఆ పామునకు విషము లేదు. ఎరను చుట్టి బిగించి చంపును. ఎర ఊపిరాడక చచ్చునని మేమును తరగతిలో చెప్పినవారమే. ముందుగా ఆగునది రక్తప్రసరణయని బోవా పాములపై ప్రయోగములు చేసి శాస్త్రజ్ఞులు 2015లో చూపిరి.

పెద్ద ఎరను మింగిన కొండచిలువకు వారములకొలది ఆకలి యుండదు. అరుగక ముందే లాగినచో బెదరి కక్కివేయును. విదేశములలో రెటిక్యులేటెడ్ కొండచిలువను పెంచువారు సైతము కొత్తగా తెచ్చినదానిని కొన్నాళ్లు కదపరు. ఎర పెట్టిన పిదప రెండు దినములైనను తాకరు. మన కొండచిలువను ఇంట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కడుపుబ్బి గట్టున పడియున్నదానిని చూచిన విద్యార్థులు జనమును దూరముగా నిలిపి, అటవీశాఖకు కబురంపవలెను.