పంటికి త్రీడీ స్కాన్: కొలిచేదేమిటి, చూడలేనిదేమిటి

సాలూరు అనగానే ముందు గుర్తొచ్చేది లారీ. ఒడిశా వెళ్ళే ఘాట్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న ఊరు కాబట్టి లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్ళు, టింకరింగ్ షెడ్లు... సగం ఊరి బతుకు చక్రాల మీదే. బాడీ కట్టే మేస్త్రీ ముందు చేసే పని చాసిస్‌కి టేపు పెట్టడం. ఆ కొలత తప్పితే ఎంత మంచి చెక్క వేసినా తలుపు సరిగ్గా పడదు. పంటి వైద్యంలోనూ ఇదే సంగతి. పుచ్చిన పన్ను అరగదీసి క్యాప్ పెట్టాలన్నా, ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ వెయ్యాలన్నా, వంకర పళ్ళు సర్దాలన్నా ముందు కావాల్సింది కొలత.

ఆ కొలత ఇప్పుడు కంప్యూటర్ పని అయింది. అంటే మన సిలబస్‌లో ఉన్న జామెట్రీ, మ్యాట్రిక్సులు, ఇమేజ్ ప్రాసెసింగ్ ఇప్పుడు మన అమ్మమ్మ నోటి దాకా వెళ్ళాయన్నమాట. అందుకే ఈ స్కాన్లు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో మనలాంటి వాళ్ళకి తెలిసి ఉంటే ఇంట్లో నలుగురికి ఉపయోగం.

ఒకే పేరు, రెండు మెషీన్లు

డాక్టరు గారు "త్రీడీ స్కాన్ తీయాలి" అన్నారంటే అది రెండింట్లో ఏదైనా కావచ్చు.

మొదటిది నోట్లో తిప్పే స్కానర్. లావుపాటి టూత్‌బ్రష్‌లా ఉంటుంది. దాని కొన నుంచి వెలుగు పడుతుంది, పక్కనే కెమెరా ఉంటుంది. పళ్ళు, చిగుళ్ళ పైభాగాన్ని మాత్రమే చూస్తుంది. ఇందులో ఎక్స్‌రే ఉండదు.

రెండోది సీబీసీటీ, అంటే కోన్ బీమ్ కంప్యూటెడ్ టోమోగ్రఫీ. మనం కదలకుండా ఉంటే ఒక పెద్ద చెయ్యి లాంటిది తల చుట్టూ తిరుగుతుంది. ఇది ఎక్స్‌రేతో పనిచేస్తుంది. దవడ ఎముక, పంటి వేర్లు, నరం వెళ్ళే దారి చూపిస్తుంది.

ఇంటితో పోల్చితే, మొదటిది గోడల బయటి కొలత. రెండోది గోడల్లోపల పైపులు, ఇనుప కడ్డీలు ఎక్కడున్నాయో చెప్పే పటం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోకూడదు. రెండూ ప్రతివాళ్ళకీ కావాలి అని కూడా అనుకోకూడదు.

వెలుగుతో కొలవడం

స్కానర్ రాకముందు పంటి అచ్చు పేస్టుతో తీసేవారు. ఇప్పటికీ చాలా చోట్ల అదే పద్ధతి. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ పొడిని నీళ్ళతో కలిపి, ట్రేలో వేసి పళ్ళకి నొక్కి పట్టుకుంటారు. కొందరికి వాంతి వచ్చినంత పని అవుతుంది. ఆ అచ్చులో తడి ఆరితే కుదించుకుపోతుంది, అందుకే వెంటనే దాంట్లో ప్లాస్టర్ లాంటిది పోసి నమూనా చెయ్యాలి. ఆ నమూనా పెట్టెలో పెట్టి ల్యాబ్‌కి పంపాలి. అన్ని మెట్లలోనూ తలా కాస్త తేడా వస్తుంది.

ఈ పని వెలుగుతో చెయ్యొచ్చని ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాన్స్వా డ్యురే 1973లో లియోన్‌లో తన థీసిస్‌లో రాశాడు. 1985లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వెర్నర్ మోర్మన్ అనే దంత వైద్యుడు, మార్కో బ్రాండెస్టీని అనే ఇంజినీరు కలిసి తయారు చేసిన సెరెక్ మెషీన్‌తో మొదటి రోగికి వైద్యం జరిగింది. డాక్టరు, ఇంజినీరు జంటగా చేసిన పని అది. ఇది గుర్తు పెట్టుకోండి.

కెమెరా దూరం ఎలా కొలుస్తుంది? బొటనవేలు ముఖం ముందు పెట్టి ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకి గెంతినట్టు కనిపిస్తుంది. దగ్గరగా ఉంటే ఎక్కువ గెంతుతుంది, దూరంగా ఉంటే తక్కువ. మన రెండు కళ్ళ మధ్య దూరం తెలుసు, గెంతు ఎంతో తెలుసు. మిగిలింది ఇంటర్మీడియట్ త్రికోణమితి. చాలా స్కానర్లలో రెండో కన్ను బదులు ప్రొజెక్టర్ ఉంటుంది. అది పంటి మీద గీతల వెలుగు వేస్తుంది. ఎత్తుపల్లాల మీద గీత ఎంత వంగిందో చూసి కెమెరా లోతు లెక్క కడుతుంది. వేరే సూత్రంతో పనిచేసే స్కానర్లు కూడా ఉన్నాయి గానీ అర్థం కావడానికి ఇది చాలు.

వెలుగు తగలని చోటు స్కానర్‌కి లేనట్టే. లాలాజలం నిలిచినా, రక్తం కారినా, పాత మెటల్ క్యాప్ తళతళలాడినా లెక్క చెదురుతుంది. చిగురు కింద దాక్కున్న పంటి అంచు కనబడదు. అందుకే క్యాప్ కోసం స్కాన్ చేసే ముందు చిగురుని సన్నని దారంతో పక్కకి జరిపి, పన్ను ఆరబెడతారు. మెషీన్ ఎంత ఖరీదైనా, ఆ ఐదు నిమిషాల ఓపిక డాక్టరుదే.

అతుకుల లెక్క

స్కానర్ ఒక్కసారికి చూసేది ఒకటి రెండు పళ్ళంత మేర. అలా తీసిన వందలాది ముక్కల్ని సాఫ్ట్‌వేర్ ఒకదానికొకటి అతుకుతుంది. దీనికి పునాది లాంటి అల్గారిథం ఐసీపీ. 1992లో పాల్ బెస్ల్, నీల్ మెక్‌కే ప్రచురించారు. ఐడియా సులువే: కొత్త ముక్కలోని ప్రతి చుక్కకీ పాత ముక్కలో దగ్గరి చుక్కని వెతుకు, ఆ జంటల మధ్య దూరాలు తగ్గేలా కొత్త ముక్కని కాస్త తిప్పు, కాస్త జరుపు. మళ్ళీ వెతుకు, మళ్ళీ జరుపు. ఇక తగ్గదు అనేదాకా.

చిక్కంతా అతుకుల్లోనే ఉంది. మన లారీ మేస్త్రీ ఇరవై అడుగుల చాసిస్‌ని ఒక్క టేపుతో కొలిస్తే ఒక్క తప్పే వస్తుంది. అడుగు స్కేలుని ఇరవై సార్లు జరుపుతూ కొలిస్తే ప్రతి జరుపుకీ ఒక చిన్న తప్పు చేరుతుంది. ఉదాహరణకి ఒక్కో అతుకులో 10 మైక్రాన్ల తప్పు, మొత్తం 25 అతుకులు అనుకుందాం. తప్పులు అటూ ఇటూ పడితే చివరికి సుమారు 50 మైక్రాన్లు (25కి వర్గమూలం 5, దాన్ని 10తో గుణించండి). అన్నీ ఒకే వైపు పడితే 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు. అందుకే ఒక పంటికి క్యాప్ వెయ్యడానికి స్కానర్ బాగా నమ్మకస్తురాలు. ఈ చివరి దవడ పన్ను నుంచి ఆ చివరి దవడ పన్ను దాకా ఒకే బ్రిడ్జి కట్టాలంటే మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి.

నీడల నుంచి ఎముక

1895లో రోంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. వారాలు తిరక్కుండానే, 1896 జనవరిలో జర్మనీకి చెందిన ఒట్టో వాల్క్‌హోఫ్ తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నాడు. దానికి 25 నిమిషాలు పట్టింది. అయితే ఎక్స్‌రే ఫోటో ఒక నీడ మాత్రమే. ముందున్న వేరు, వెనకున్న వేరు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. పై దవడలో మొదటి పెద్ద దవడ పన్నుకి చాలాసార్లు నాలుగో కాలువ ఉంటుంది. నీడలో అది దాక్కుంటుంది. రూట్ కెనాల్‌లో అది వదిలేస్తే నొప్పి మళ్ళీ తిరగబెట్టొచ్చు.

నీడల నుంచి అసలు ఆకారం ఎలా తెలుస్తుంది? నాలుగు గదుల చదరం గీయండి. పై వరసలో 1, 4. కింద వరసలో 4, 1. పక్క నుంచి ఎక్స్‌రే వేస్తే మనకి దక్కేది అడ్డు వరసల మొత్తాలు: 5, 5. పైనుంచి వేస్తే నిలువు మొత్తాలు: మళ్ళీ 5, 5. ఇప్పుడు తారుమారు చేసి పైన 4, 1, కింద 1, 4 రాయండి. మొత్తాలు అవే! రెండు నీడలతో ఈ రెండు చదరాలకీ తేడా పట్టలేం. ఐమూలగా ఇంకో నీడ తీయండి. మొదటి చదరంలో 1, 1 కలిసి 2. రెండో చదరంలో 4, 4 కలిసి 8. చిక్కు విడిపోయింది.

అదే కిటుకు. అన్ని దిక్కుల నుంచి మొత్తాలు తెలిస్తే లోపలి అంకెలు తెలుసుకోవచ్చని యోహాన్ రాడాన్ అనే గణిత శాస్త్రవేత్త 1917లోనే నిరూపించాడు. 1971లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన సీటీ మెషీన్ లండన్‌లో మొదటి రోగి తలని చూసింది. పళ్ళ కోసం శంకువు ఆకారపు కిరణంతో ఒక్క చుట్టు తిరిగే సీబీసీటీ గురించి ఇటలీలోని వెరోనా బృందం 1998లో ప్రచురించింది. ఆ ఒక్క చుట్టులో మెషీన్ వందల నీడలు తీస్తుంది.

ఇక మన లెక్క. 8 సెంటీమీటర్ల ఘనాన్ని 0.2 మిల్లీమీటర్ల గళ్ళుగా కోస్తే ఒక్కో వైపు 400 గళ్ళు. 400 × 400 × 400 అంటే 6 కోట్ల 40 లక్షల గళ్ళు. గడికి 2 బైట్లు చొప్పున 128 ఎంబీ. గడి సైజు సగం చేస్తే ఫైలు ఎనిమిది రెట్లు అవుతుంది. ఒక్క సైజే కాదు, బొమ్మ శుభ్రంగా రావాలంటే రేడియేషన్ కూడా పెంచాల్సి రావచ్చు. అందుకే "ఎంత సన్నగా తీస్తే అంత మంచిది" అనేది నిజం కాదు.

రేడియేషన్ అనగానే బెంబేలు పడక్కర్లేదు, అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. పంటి సీబీసీటీ మెషీన్‌ని, సెట్టింగ్‌ని, ఎంత మేర తీశారన్న దాన్ని బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోసీవర్ట్‌లు ఇస్తుంది. మామూలు చిన్న పంటి ఎక్స్‌రే కంటే ఇది చాలా ఎక్కువ. కాబట్టి కారణం ఉంటేనే తీయాలి. కింది దవడలో ఇంప్లాంట్ వెయ్యడం అలాంటి కారణమే. అక్కడ ఎముక లోపల ఒక నరం వెళ్తుంది. డ్రిల్లు దానికి తగిలితే కింది పెదవి మొద్దుబారిపోతుంది. సాధారణంగా నరానికి కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. ఆ రెండు మిల్లీమీటర్లు నీడలో కొలవలేం.

మనిషి బదులు ఫైలు ప్రయాణం

సాలూరు నుంచి విజయనగరం మీదుగా విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. కూలి పని మానుకుని ఒక క్యాప్ కోసం మూడు సార్లు బస్సెక్కడం ఎవరికైనా భారమే. నోటి స్కాన్ వల్ల వచ్చే పెద్ద లాభం ఇక్కడుంది. అచ్చు పెట్టె బదులు ఫైలు ల్యాబ్‌కి వెళ్తుంది.

ఆ ఫైలు చాలాసార్లు ఎస్‌టీఎల్. అంటే పంటి ఉపరితలాన్ని త్రికోణాలుగా రాసిన జాబితా. బైనరీ రూపంలో ఒక్కో త్రికోణానికి 50 బైట్లు. రెండు లక్షల త్రికోణాలున్న దవడ 10 ఎంబీ. ఒక వీడియో కన్నా చిన్నది! ఈ ఫార్మాట్‌లో ఒక లోపం ఉంది: కొలత ఏ యూనిట్‌లో ఉందో దాంట్లో రాసి ఉండదు. మిల్లీమీటర్లని అంగుళాలు అనుకుని తెరిస్తే పన్ను 25.4 రెట్లు పెరుగుతుంది.

ల్యాబ్‌లో ఆ ఫైలు చూసి క్యాప్ డిజైన్ చేసి, మిల్లింగ్ మెషీన్‌తో జిర్కోనియా దిమ్మ నుంచి చెక్కుతారు. పక్కనే ఉన్న బొబ్బిలిలో ఒకే పనస దుంగ నుంచి వీణ తొలుస్తారు చూడండి, అదే పద్ధతి. అతికించడం కాదు, అక్కర్లేనిది తీసెయ్యడం. ఒక్కటే తేడా. జిర్కోనియా సుద్దలా మెత్తగా ఉన్నప్పుడు చెక్కి, తర్వాత సుమారు 1,500 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. అప్పుడది కుదించుకుపోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ముందే 20 నుంచి 25 శాతం పెద్దగా చెక్కిస్తుంది.

అంగిలి సంగతి

ఇప్పుడు అసలు మాట. ఇంతవరకూ చెప్పిన మెషీన్లన్నీ ఆకారాన్ని కొలుస్తాయి. జబ్బుని గుర్తుపట్టవు.

మా వేపు దీనికి గట్టి ఉదాహరణ ఉంది: అడ్డపొగ. చుట్ట నిప్పు వేపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అక్కడ మచ్చలు, పుళ్ళు, కొందరికి క్యాన్సర్ వస్తాయి. డెన్మార్క్‌కి చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన ఫాలీ మెహతా, వాళ్ళ బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. అప్పటికి సాలూరు కూడా శ్రీకాకుళం జిల్లాలోదే. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. వాళ్ళకి త్రీడీ స్కానర్లు లేవు. వాళ్ళు చేసింది నోరు తెరిపించి చూడటం.

ఇప్పుడు ఆలోచించండి. అడ్డపొగ అలవాటున్న ఒక అమ్మమ్మ కట్టుడు పళ్ళ కోసం వచ్చిందనుకుందాం. సీబీసీటీలో ఎముక బాగా కనిపిస్తుంది గానీ మెత్తటి కండలో మార్పులు సరిగ్గా తేలవు. అంగిలి మీది తొలి మచ్చ దాంట్లో కనబడదు. నోటి స్కానర్ రంగుతో సహా బొమ్మ తీసినా, ఆ మచ్చ ఏమిటో చెప్పదు. క్యాప్ కోసం స్కాన్ చేస్తే అంగిలి మొత్తం చూడాల్సిన అవసరమే రాదు. "స్కేన్ తీసేరు గదా, ఇంకేటి భయం" అని ఇంట్లోవాళ్ళు నిబ్బరంగా ఉండిపోతే, అసలు ప్రమాదం నోట్లోనే ఉండిపోతుంది. ఆ మచ్చని పట్టేది లైటు వేసి చూసే డాక్టరు కన్ను. తేల్చేది చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ. పట్టించుకునేలా చేసేది "చుట్ట ఎలా కాలుస్తావమ్మా?" అనే ఒక్క ప్రశ్న.

మనం అడగాల్సినవి

ఇంట్లో ఎవరికైనా త్రీడీ స్కాన్ రాశారంటే పక్కన కూర్చుని ఇవి అడగండి. ఇది వెలుగు స్కానా, ఎక్స్‌రే స్కానా? దీంతో ఏ నిర్ణయం తీసుకుంటారు? మామూలు ఎక్స్‌రే చాలదా? ఎంత మేర తీస్తారు, ఒక పన్నా, మొత్తం దవడా? గర్భిణి అయితే ముందే చెప్పండి. ఫైలు కాపీ అడిగి తీసుకోండి, ఇంకో డాక్టరుకి చూపించాలంటే మళ్ళీ తీయించుకునే పని తప్పుతుంది. సీబీసీటీ అయితే, పన్ను ఒక్కటే కాకుండా తీసిన భాగం మొత్తం ఎవరైనా చదివారా అని కూడా అడగండి.

చివరగా పొగాకు అలవాటు ఉన్నవాళ్ళయితే, స్కాన్ అయిపోయాక కూడా ఒక మాట అనండి: "డాక్టరు గారూ, ఒకసారి అంగిలి, నాలిక కింద, బుగ్గల లోపల కూడా చూసి చెప్పండి." దానికి మెషీన్ అక్కర్లేదు. ఒక లైటు, ఒక నిమిషం చాలు.