దమ్ములో ట్రాక్టరు దిగబడితే...

యాసంగి నాట్లకు దమ్ములు మొదలైతే ట్రాక్టర్లకు తీరిక ఉండదు. చిన్న మడులున్న రైతులకు మినీ ట్రాక్టరు బాగా పనికొస్తుంది. కేజీవీల్స్ బిగించి, రోటావేటరు తగిలిస్తే మూలలతో సహా దమ్మవుతుంది. అయితే బండి దిగబడినప్పుడు చేసే తొందరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకు తిరగబడుతుంది?

వెనుక చక్రాలు బురదలో బిగుసుకుపోతే, ఇంజను బలం వాటిని తిప్పలేక ట్రాక్టరు ముందుభాగాన్ని పైకి లేపుతుంది. రెండు సెకన్లలోపే బండి వెనక్కి పల్టీ కొట్టవచ్చు. దూకే వ్యవధి కూడా ఉండదు. చక్రానికి దుంగ కట్టి ముందుకు నడపడం చాలామందికి అలవాటు. అన్నిటికంటే ప్రమాదం ఇదే.

ఏం చేయాలి?

* ముందు చక్రాలు లేస్తున్నట్టు అనిపించగానే క్లచ్ తొక్కండి.
* చక్రాల వెనుక బురద తీసి, మెల్లగా రివర్సులో బయటికి రండి.
* అలా రాకుంటే ఇంకో ట్రాక్టరుతో లాగించండి. లాగే ట్రాక్టరుకు గొలుసును కింది డ్రాబారుకే తగిలించాలి. టాప్‌లింకు దగ్గర కట్టరాదు. గొలుసు దగ్గర ఎవరూ నిలబడకూడదు.
* రోటావేటరుకు చుట్టుకున్న గడ్డిని ఇంజను ఆపాకే తీయండి. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. పంచె కొస చిక్కినా మనిషిని లాగేస్తుంది.
* మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి.

కిరాయికి పిలిచిన రైతులు కూడా డ్రైవరును తొందర పెట్టరాదు. నాటు ఒకరోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు. పోయిన మనిషి మాత్రం తిరిగిరాడు.